పర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్ కేస్: ఒక కారు, నాలుగు ఫిల్టర్లు, ఒక రంగు నీళ్ళ గొట్టం

కంపెనీ ఎయిర్ ఫిల్టర్ తీసేసి, గాలి ధారాళంగా వదులుతుందని చెప్పే పర్ఫార్మెన్స్ ఫిల్టర్ వేయిస్తే పికప్ పెరుగుతుందా అని ఎవరో ఒకరు అడగని నెల లేదు నాకు. ఇన్నాళ్ళూ "దండగ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే నా దగ్గర కూడా కొలిచిన లెక్క ఏదీ లేదు, పెరుగుతుందని అనేవాళ్ళు ఎవరో చెప్పింది నమ్మారు, పెరగదని నేను ఇంకెవరో చెప్పింది నమ్మాను, అంతే తేడా. ఈ కారు షెడ్‌కి రావడం, రిపేరు అయిపోయాక కూడా ఓనరు నన్ను వదలకపోవడం వల్ల మొదటిసారి కూర్చుని కొలిచాను.

కారు 1.6 లీటర్ పెట్రోల్, టర్బో లేదు, కంపెనీ లెక్కలో 105 హార్స్‌పవర్, తిరిగింది 62 వేల కిలోమీటర్లు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత దాటగానే గొట్టంలో మాఫ్ సెన్సర్ ఉంటుంది, అంటే ఇంజిన్‌లోకి సెకనుకి ఎన్ని గ్రాముల గాలి వెళ్తోందో కొలిచి ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, చెప్పేది. ఈ సెన్సర్ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే.

కంప్లయింట్ ఏమిటంటే, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే జర్క్ కొడుతోంది, ఎత్తు ఎక్కుతుంటే సన్నగా టకటకమని చప్పుడు. స్కానర్ పెడితే పి0171, అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. చాలామంది ఈ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి మిశ్రమం సంగతి చెప్పేది, మార్చేస్తారు. సెన్సర్ పాపం ఉన్నదున్నట్టు చెప్తుంది, చెప్పినందుకు దాన్నే పీకేస్తే ఎలా?

ఈ కోడ్‌కి నేను ముందు చూసేది ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ తను వేసుకున్న లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు అదనంగా పోయాల్సి వస్తోందో అది చెప్తుంది. ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్, అంటే కొన్నాళ్ళుగా స్థిరపడిన దిద్దుబాటు, +4 శాతం, ఏమంత పెద్దది కాదు. 3000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర పట్టి ఉంచితే +19. ఈ రెండు అంకెలతోనే సగం పని అయిపోతుంది. ఎక్కడో పైపు చిరిగి దొంగగాలి దూరుతుంటే ఐడిలింగ్‌లోనే ఎక్కువ తేడా కనిపించాలి, ఎందుకంటే అప్పుడు ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగగాలి వాటా పెద్దది. ఆర్‌పీఎమ్ పెంచేకొద్దీ ఆ తేడా తగ్గాలి. ఇక్కడ తిరగబడి ఉంది, గాలి ఎక్కువయ్యేకొద్దీ లెక్క తప్పుతోంది. అంటే పెట్రోల్ పంపు చాలకపోవాలి, లేదా మాఫ్ సెన్సర్ ఉన్న గాలిని తక్కువ చేసి చెప్తుండాలి. పొగ పెట్టి కూడా చూశాను, లీకు లేదు. పెట్రోల్ ప్రెషర్ కంపెనీ చెప్పిన పరిధిలోనే ఉంది. ఇక మిగిలింది మాఫ్.

సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 6000 ఆర్‌పీఎమ్ దాకా లాగితే మాఫ్ చెప్పింది సెకనుకి 66 గ్రాములు. ఉండాల్సింది ఎంత? దీనికి కంపెనీ పుస్తకం అక్కర్లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది, 1.6 లీటర్ అయితే చుట్టుకి 0.8 లీటర్, 6000 చుట్లకి నిమిషానికి 4800 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ నూటికి నూరు నిండవు, 88 శాతం నిండాయి అనుకుంటే 4200 చిల్లర లీటర్లు, ఆ రోజు వేడికి లీటర్ గాలి 1.15 గ్రాములు తూగుతుంది, మొత్తం కలిపి సెకనుకి 80 గ్రాములు. పైగా మా పనిలో ఒక మోటు లెక్క ఉంది, పెట్రోల్ ఇంజిన్‌కి మాఫ్ గ్రాములని 1.25తో గుణిస్తే హార్స్‌పవర్ దగ్గరదగ్గర వస్తుంది. 80 అయితే 100, కంపెనీ చెప్పిన 105కి దగ్గరే. 66 అయితే 82 మాత్రమే రావాలి. ఈ కారు జర్క్ కొడుతోందే తప్ప ఇరవై హార్స్‌పవర్లు పోయినంత నీరసంగా లేదు. అంటే గాలి వెళ్తోంది, సెన్సరే లెక్క దాస్తోంది.

సెన్సర్ ఊడదీసి చూస్తే సన్నటి జిడ్డు పొర, దాని మీద మట్టి. లోపల వేడెక్కే పలక ఎంత వేడి పోగొట్టుకుంటోందో దాన్ని బట్టి ఈ సెన్సర్ గాలిని కొలుస్తుంది. దాని మీద జిడ్డు దుప్పటి కప్పితే గాలికి వేడి సరిగ్గా పోదు, గాలి తక్కువుందని అనుకుంటుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ ఈ తప్పుని దిద్దుకుంటూనే ఉంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు ఆ దిద్దుబాటు మీద ఆధారపడదు, అప్పుడే జర్క్. ఇంకో సంగతి, గాలి తక్కువుంటే ఇంజిన్ మీద లోడ్ తక్కువుందని లెక్కేసుకుని ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ వేసే క్షణాన్ని, ముందుకు జరుపుతుంది, దాని ఫలితమే ఎత్తు ఎక్కుతున్నప్పుడు వినపడిన ఆ టకటక.

అప్పుడు అడిగాను, "తమ్ముడూ, ఎయిర్ ఫిల్టర్ ఏది వేశావ్?"

నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్, కడిగి మళ్ళీ వాడుకునే రకం. ఎనిమిది వేల కిలోమీటర్ల కింద వేయించుకున్నాడట. రెండు వారాల కింద తనే ఇంట్లో కడిగి, ఆరబెట్టి, తలకి నూనె పట్టించినట్టు పట్టించాడు. నూనె ఎంత పట్టిస్తే మట్టి అంత బాగా ఆగుతుందని అనుకున్నాడు. అలా అనుకోవడంలో తర్కం లేకపోలేదు, ఎందుకంటే ఆ రకం ఫిల్టర్‌లో మట్టిని పట్టి ఉంచేది ఆ నూనే. కానీ దూదిపోగులు పీల్చుకోగా మిగిలింది గాలితో పాటు కొట్టుకుపోయి ముందు తగిలే సెన్సర్‌కే అంటుకుంటుంది. కడిగిన రెండు వారాలకే లైట్ వెలగడం కాకతాళీయం కాదు.

మాఫ్ కోసమే వచ్చే స్ప్రేతో కడిగాను. కార్బ్యురేటర్ స్ప్రే, బ్రేక్ క్లీనర్ కొట్టకూడదు, దూది, గుడ్డ, వేలు ఏదీ ఆ పలకకి తగలకూడదు, స్ప్రే కొట్టి దానంతటది ఆరనివ్వాలి. ఆరాక అదే సెకండ్ గేర్ లాగుడులో 79 గ్రాములు. కోడ్ చెరిపి ఓ 150 కిలోమీటర్లు తిప్పాక 3000 దగ్గర ట్రిమ్ +3కి దిగింది, జర్క్ పోయింది, టకటక పోయింది.

ఇక్కడితో నా పని అయిపోయినట్టే. బిల్లు రాసి తాళాలు ఇవ్వబోతుంటే ఓనరు కుర్రాడు, "అన్నా, నువ్వు చెప్పిందంతా ఒప్పుకుంటా, నూనె నాదే తప్పు. కానీ ఫిల్టర్ వేసిన కొత్తలో కారు చురుగ్గా ఉంది, ఒట్టు. అది అబద్ధమంటావా?" అన్నాడు.

అబద్ధమని అనబోయి ఆగాను. ఎందుకంటే నేనూ కొలవలేదు.

కొలిచిన పద్ధతి

ఫిల్టర్ గాలిని ఎంత అడ్డుకుంటోందో తెలుసుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. పారదర్శకంగా ఉండే సన్న గొట్టాన్ని యు ఆకారంలో ఒక చెక్కకి కట్టి, సగం దాకా ఇంకు కలిపిన నీళ్ళు పోసి, ఒక కొస గాలికి వదిలేసి రెండో కొస ఫిల్టర్‌కీ థ్రాటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు ఉండేది) మధ్య ఉన్న గొట్టానికి కలిపాను. ఇంజిన్ పీల్చేకొద్దీ నీళ్ళు ఒకవైపు లేస్తాయి, రెండు వైపుల మట్టాల మధ్య తేడా ఎన్ని మిల్లీమీటర్లో అదే అడ్డు. 102 మిల్లీమీటర్ల నీళ్ళంటే ఒక కిలోపాస్కల్. నీళ్ళు ఇంజిన్‌లోకి పోకుండా మధ్యలో ఖాళీ సీసా ఒకటి పెట్టండి, అది మరిచిపోతే ఫిల్టర్ గురించి రాసుకోవడానికి ఇంజినే మిగలదు. పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు ఫోన్‌తో గొట్టాన్ని వీడియో తీస్తాడు, స్కానర్ మాఫ్, లోపలికెళ్ళే గాలి వేడి రికార్డు చేస్తుంది. సెకండ్ గేర్, పూర్తి యాక్సిలరేటర్, 6000 దాకా. ట్రాఫిక్ లేని తిన్నటి రోడ్డు, ఒకే రోజు, ఒక్కో ఫిల్టర్‌కి నాలుగు లాగుళ్ళు.

ఫిల్టర్లు నాలుగు. కుర్రాడు కాటన్‌ది వేయించుకోకముందు పీకేసిన పాత పేపర్ ఫిల్టర్ డిక్కీలోనే పడి ఉంది, బాగా నల్లబడింది. కంపెనీ కొత్త పేపర్ ఫిల్టర్ ఒకటి. ఈ కాటన్ ఫిల్టర్, నూనె ఎక్కువైనది కడిగేసి కొలత ప్రకారం మళ్ళీ పట్టించి. నాలుగోది డబ్బా మొత్తం తీసేసి గొట్టానికి నేరుగా బిగించే శంఖం ఆకారపు ఓపెన్ ఫిల్టర్, అది షెడ్‌లో ఎవరిదో పడి ఉంది. వీటితో పాటు ఒకే ఒక్క లాగుడు ఫిల్టర్ లేకుండా ఖాళీ డబ్బాతో కూడా లాగాను. వాన పడి రోడ్డు తడిగా ఉన్న పొద్దుటిపూట కాబట్టి ధైర్యం చేశాను, మీరు చేయొద్దు. కానీ ఆ ఒక్క లాగుడు లేకపోతే ఈ కేస్ రాయడం దండగ, ఎందుకో చూడండి.

కొత్త పేపర్‌తో నీళ్ళు 225 మిల్లీమీటర్లు లేచాయి. కాటన్‌తో 200. నల్లబడ్డ పాత పేపర్‌తో 290. ఫిల్టరే లేని ఖాళీ డబ్బాతో 165.

ఆ చివరి అంకె చూసి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఫిల్టర్ పీకి పారేసినా 165 అలాగే ఉంది. అంటే అడ్డులో ఎక్కువ భాగం ఫిల్టర్‌ది కాదు, గ్రిల్ వెనక మొదలయ్యే ఆ సన్నటి ముక్కు గొట్టం, డబ్బా వంపులు, మాఫ్ గొట్టం, వీటిది. కొత్త పేపర్ ఫిల్టర్ సొంతంగా అడ్డుకునేది 60 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎంత గొప్ప ఫిల్టర్ తెచ్చి ఆ డబ్బాలో పెట్టినా మిగల్చగలిగేది ఆ అరవైలోనే, ఇంక ఎక్కడినుంచీ తీసుకురాలేదు. 60 మిల్లీమీటర్లంటే 0.6 కిలోపాస్కల్, వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్, అంటే 0.6 శాతం. 105 హార్స్‌పవర్లలో 0.6 శాతం ఎంత? అరకి కొంచెం పైన. ఫిల్టర్ అసలు లేకపోతేనే అది! కాటన్ ఫిల్టర్ మిగిల్చింది 25 మిల్లీమీటర్లు, పావు హార్స్‌పవర్. డైనో (హార్స్‌పవర్ కొలిచే యంత్రం) మీద కూడా అదే కారుని పది నిమిషాల తేడాతో రెండుసార్లు లాగితే ఒకటి, ఒకటిన్నర శాతం తేడా మామూలుగానే వస్తుంటుంది, ఈ పావుని ఆ తేడాలోంచి ఏరడం జరిగే పని కాదు.

అది కూడా పూర్తిగా తొక్కి 6000 దగ్గర ఉన్నప్పుడు. గొట్టాలూ వంపుల వల్ల వచ్చే అడ్డు గాలి వేగానికి వర్గంలా పెరుగుతుంది, గాలి సగమైతే అడ్డు ఇంచుమించు పావు. ఊళ్ళో నెమ్మదిగా పోతున్నప్పుడు మాఫ్ చెప్పేది పది గ్రాములు, అప్పుడు గొట్టంలో నీళ్ళు నాలుగైదు మిల్లీమీటర్లకి మించి కదల్లేదు. అదే సమయంలో సగం మూసి ఉన్న థ్రాటిల్ దగ్గర వ్యాక్యూమ్ 60 కిలోపాస్కళ్ళు, నీళ్ళల్లో చెప్పాలంటే ఆరు మీటర్లు! మన పాదమే గాలికి తలుపు వేసి పట్టుకుని ఉంటే, ఆ తలుపు వెనక కిటికీ తెర పల్చటిదా మందందా అని వాదించుకున్నట్టు ఉంది.

మైలేజ్ ఎందుకు పెరగదో కూడా ఇందులోనే ఉంది. ఫిల్టర్ కాస్త అడ్డుకుంటే మీ కాలు తెలీకుండానే ఒక వెంట్రుకవాసి ఎక్కువ తొక్కుతుంది, థ్రాటిల్ ఆ మేరకి తెరుచుకుంటుంది, ఇంజిన్‌లోకి వెళ్ళేది అదే గాలి, మాఫ్ లెక్క ప్రకారం పడేది అదే పెట్రోలు. ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికా ఇంధన శాఖ కింద నడిచే ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ వాళ్ళు 2009లో కావాలనే ఫిల్టర్లని మూసుకుపోయేలా చేసి పరీక్షించారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త కార్లలో మైలేజ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వేగం అందుకునే సమయం మాత్రం కొత్త ఫిల్టర్‌తో 6 నుంచి 11 శాతం బాగుపడింది. 1972 మోడల్ కార్బ్యురేటర్ కారులో అయితే మైలేజ్ కూడా 2 నుంచి 6 శాతం బాగుపడింది. పాత మెకానిక్కులు "ఫిల్టర్ మార్చు, మైలేజ్ వస్తుంది" అని చెప్పింది గాలి కబురు కాదన్నమాట, వాళ్ళ రోజుల్లో అది నిజమే. కార్బ్యురేటర్‌కి గాలిని కొలిచే సెన్సర్ ఉండదు, పైన ఫిల్టర్ మూసుకుంటే కింద జెట్ నుంచి పెట్రోలు ఎక్కువ లాగేస్తుంది. ఆ కార్లు పోయాయి, మాట మిగిలింది.

శంఖం ఫిల్టర్ సంగతి

దీనితో నీళ్ళు 120 మిల్లీమీటర్లే లేచాయి. డబ్బా, ముక్కు గొట్టం రెండూ లేవు కదా. కొత్త పేపర్‌తో పోలిస్తే 105 మిల్లీమీటర్లు ఆదా, ఒక శాతం. సౌండు కూడా బొంగురుగా, బాగా వచ్చింది. కుర్రాడి మొహం వెలిగిపోయింది.

కానీ బయటి గాలి 34 డిగ్రీలు ఉన్నప్పుడు కంపెనీ డబ్బాతో లోపలికెళ్ళే గాలి 38 ఉంది. శంఖంతో ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే 57కి పోయింది, ఎందుకంటే ఇప్పుడు అది పీలుస్తున్నది రేడియేటర్ వెనక, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన ఉడికిపోతున్న బానెట్ కింది గాలిని. వేడెక్కిన గాలి పల్చబడుతుంది, 38 నుంచి 57కి వెళ్తే దాదాపు ఆరు శాతం ఆక్సిజన్ పోయినట్టే. వేగం అందుకున్నాక 46కి దిగింది, అప్పుడు కూడా నష్టం రెండున్నర శాతం. ఒక శాతం మిగిల్చి రెండున్నర పోగొట్టుకోవడం, అది కూడా అన్నీ బాగున్నప్పుడు. ఆ అసహ్యంగా కనపడే ప్లాస్టిక్ డబ్బా, ముక్కు గొట్టం ఎందుకున్నాయంటే ముందునుంచి చల్లటి గాలి తీసుకోవడానికి, చప్పుడు అణచడానికి. దాన్ని డిజైన్ చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు.

ఇంకోటి కూడా జరిగింది. మాఫ్ సెన్సర్ డబ్బా లోపలినుంచి సాఫీగా వచ్చే గాలికి లెక్కగట్టి చేసినది. శంఖం నేరుగా దాని మూతికి బిగిస్తే గాలి సుడులు తిరుగుతూ వచ్చి ట్రిమ్ +3 నుంచి +8కి పోయింది. కోడ్ పడేంత కాదు కానీ, ఏదీ పాడవకుండానే లెక్క తప్పించడం ఎందుకు? దాన్ని అదే రోజు పీకేశాను.

మూడో గేర్‌లో 40 నుంచి 100కి పట్టిన సమయం కూడా చూశాను. కొత్త పేపర్ 9.6 సెకన్లు, కాటన్ 9.6, పాత నల్ల పేపర్ 9.7, శంఖం 9.8. ఒకే ఫిల్టర్‌తో లాగుడికీ లాగుడికీ మధ్యే 0.2 తేడా వస్తోంది కాబట్టి వీటిలో ఫలానాది గెలిచింది అని నేను అనను.

మరి చురుగ్గా ఎందుకు అనిపించింది?

దీనికి ఒక చిన్న పన్నాగం పన్నాను. నువ్వు అటు తిరిగి నిలబడు తమ్ముడూ, నేను ఫిల్టర్ మారుస్తా, ఏది వేశానో చెప్పను, నడిపి చూసి ఏది చురుగ్గా ఉందో చెప్పు అన్నాను. మొదట కొత్త పేపర్ వేశాను. తర్వాత కాటన్. మూడోసారి డిక్కీలో దొరికిన ఆ నల్ల పేపరే వేసి, ముక్కు గొట్టానికి పక్కన తగిలించి ఉండే రెజొనేటర్ డబ్బా తీసేశాను. అది కేవలం పీల్చే చప్పుడు అణచడానికి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఫిల్టర్‌కి ముందువైపు ఉంటుంది కాబట్టి తీస్తే మట్టి ఇంజిన్‌లోకి పోదు, చప్పుడు మాత్రం బయటికి వస్తుంది.

తిరిగి వచ్చి తడుముకోకుండా చెప్పాడు, "మూడోదే అన్నా. అసలు దీనికీ మిగతావాటికీ సంబంధమే లేదు. ఇదే కదా కాటన్?"

బానెట్ ఎత్తి చూపించాను. ఓ నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. నేను అతన్ని ఎగతాళి చేయడానికి ఇది రాయట్లేదు, నన్ను అలా అటు తిప్పి నిలబెట్టినా నేనూ అదే చెప్పేవాణ్ణి. చెవి చెప్పిందే ఒళ్ళు నమ్ముతుంది. పైగా బిల్లులు చూస్తే ఆ కాటన్ ఫిల్టర్ వేయించుకున్న రోజే స్పార్క్ ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు, ఇంజిన్ ఆయిల్ కొత్తది పోశారు. అన్నిటి మంచిపేరు ఫిల్టర్ ఖాతాలో పడింది.

అసలు నష్టం ఎక్కడ

పావు హార్స్‌పవర్ వచ్చినా రాకపోయినా పెద్ద బాధ లేదు. నాకు టెన్షన్ పుట్టించింది వేరేది. కాటన్ ఫిల్టర్ తీసి డబ్బా మూత తిరగేసి చూస్తే, శుభ్రంగా ఉండాల్సిన లోపలివైపు ఒక మూల నుంచి గొట్టం దాకా సన్నటి మట్టి చార. తెల్లగుడ్డ పెట్టి గొట్టం లోపల తుడిస్తే గుడ్డ గోధుమరంగులోకి వచ్చింది. ఫిల్టర్ రబ్బరు అంచు ఆ మూల సరిగ్గా కూర్చోలేదు, కంపెనీ ఫిల్టర్ అంచు కన్నా కాస్త పల్చగా ఉంది, క్లిప్పులు పెట్టినా బిగుసుకోవట్లేదు.

గాలిలో ఎగిరే మట్టిలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకే. అది ఇనుము కన్నా గట్టిది. కంటికి కనపడే ఇసుక రేణువు కన్నా కనపడని 5 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రేణువులే ఎక్కువ చెడ్డవి, ఎందుకంటే పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య, బేరింగుల్లోనూ ఆయిల్ పొర మందం ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటుంది, సరిగ్గా అందులో ఇరుక్కుని గీకుతాయి. పేపర్ ఫిల్టర్‌కి ఒక మంచి గుణం ఉంది, కాస్త మట్టి పట్టాక ఆ మట్టి పొర కూడా జల్లెడలా పనిచేసి ఇంకా సన్నటిదాన్ని ఆపుతుంది. ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ తీసి గాలి కొట్టించేవాళ్ళు ఆ పొరని పోగొట్టడమే కాక కాగితానికి కంటికి ఆనని చిల్లులు పొడుస్తున్నారు. నిర్ణీత కిలోమీటర్లకి మార్చండి, మధ్యలో దాన్ని దాని మానాన వదిలేయండి.

అనుమానం వచ్చి, ఎలాగూ మార్చాల్సిన ఇంజిన్ ఆయిల్ కొంచెం పట్టి పరీక్షకి పంపాను. కాటన్ ఫిల్టర్‌తో ఎనిమిది వేల కిలోమీటర్లు నడిచిన ఆయిల్ అది. సిలికాన్, అంటే ఇసుకలో ఉండే మూలకం, 21 పీపీఎమ్ (పది లక్షల్లో 21 వంతులు), ఇనుము 24. సిలికాన్ ఒక్కటే పెరిగి ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు, గాస్కెట్‌కి పూసే సీలెంట్ నుంచి కూడా అది వస్తుంది. సిలికాన్‌తో పాటు ఇనుము కూడా పెరిగిందంటే ఇసుక లోపలికెళ్ళి ఏదో అరిగిస్తోందని అనుమానించాలి. దీన్ని దూది తప్పు అని కూడా నేను అనను. కాటన్ మట్టిని తక్కువ ఆపిందా, అంచు పక్కనుంచి దూరిందా అనేది ఈ ఒక్క కారుతో విడదీసి చెప్పలేం. నా అనుమానం అంచు మీదే. ఫిల్టర్ల కొలతకి ఐఎస్ఓ 5011 అని ఒక పరీక్షా పద్ధతి ఉంది, నిర్ణీతమైన ధూళి పోసి ఎంత ఆపింది, ఎంత అడ్డుకుంది, ఎంత పట్టి ఉంచగలిగింది మూడూ చూస్తారు. డబ్బా మీద గాలి ఎంత ధారాళంగా వెళ్తుందో పెద్దక్షరాల్లో వేసి, ఈ పరీక్షలో ఎంత మట్టి ఆపిందో వేయకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టేసి రండి. ఇంజిన్ పీల్చేది ఎంత కావాలో అంతే, మన 1.6కి నిమిషానికి 4200 లీటర్లు చాలు, దానికి రెట్టింపు గాలి వదిలే ఫిల్టర్ పెట్టినంత మాత్రాన ఇంజిన్ ఊపిరితిత్తులు పెద్దవి కావు.

మరి ఎవరికీ అక్కర్లేదా అంటే, అలా అనను. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టేది) ఉన్న ఇంజిన్‌కి రీమ్యాప్, అంటే ఈసీయూ లెక్కలు మార్పించడం, చేయించి పవర్ ముప్పై నలభై శాతం పెంచితే గాలి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది, గాలి ఒకటిన్నర రెట్లయితే అడ్డు రెండు రెట్ల పైనే, అప్పుడు పాత డబ్బా నిజంగానే గొంతు పట్టుకుంటుంది. స్టాక్ టర్బో కారులో అయితే ఈసీయూ టర్బోని ఇంకొంచెం తిప్పి లోటు తనే పూడ్చుకుంటుంది. రేసుల్లో తిరిగే ఇంజిన్ లెక్క వేరు, దాన్ని ఎలాగూ తరచూ విప్పి రింగులు మారుస్తారు, అరుగుదల గురించి వాళ్ళకి దిగులు లేదు. కడిగి వాడుకుంటే చెత్త తగ్గుతుంది కదా అనేవాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది, అలాంటివాళ్ళకి నూనె అక్కర్లేని పొడి సింథటిక్ రకం చెప్తాను, మాఫ్‌కి జిడ్డు బెడద ఉండదు. ఏది వేసినా, బిగించిన వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి మూత తీసి లోపలివైపు తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ మురికైతే ఆ ఫిల్టర్ ఎవరిదైనా, ఎంత పేరున్నదైనా మీ కారుకి సరిపోలేదు.

కుర్రాడు కొత్త పేపర్ ఫిల్టర్‌తోనే వెళ్ళాడు. 70 వేల కిలోమీటర్ల దగ్గర సర్వీసుకి వచ్చినప్పుడు మళ్ళీ ఆయిల్ పంపించాను, సిలికాన్ 9, ఇనుము 13. గొట్టం లోపల గుడ్డ తెల్లగానే వచ్చింది, 3000 దగ్గర ట్రిమ్ +2. ఈ రిపోర్టు ఎంతో ఉత్సాహంగా చూపిస్తే తల ఊపాడు కానీ మనసు దాని మీద లేదు.

"అన్నా, ఆ రోజు తీశావే, ఆ చప్పుడు డబ్బా... అది మళ్ళీ తీసేస్తావా?"

తీశాను. ఆ ఖాళీ అయిన కన్నంలోంచి బానెట్ గాలి కొంచెం దూరుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో లోపలి గాలి వేడి మూడు డిగ్రీలు పెరిగింది, అంటే ఒక శాతం పవర్ పోయినట్టే, అది స్కానర్‌లో చూపించి మరీ చెప్పాను. పోతే పోనీ అన్నాడు. జాబ్ కార్డులో "ఓనరు కోరిక మీద రెజొనేటర్ తీసివేత" అని రాసి సంతకం పెట్టించుకున్నాను.